గాటు పెట్టిన కొబ్బరి ముక్కలు

మా లాన్ ఉన్న చోట ఒకప్పుడు పక్కింటివాళ్ళ గేదెలు ఉండేవి. ఈ సంగతి నాకు చెప్పింది పక్కింటి మామ్మగారే. మేం ఇల్లు కట్టుకుని గృహప్రవేశం ప్రార్థన పెట్టుకున్న రోజున, పాస్టరుగారు ఇంకా గుమ్మంలో ఉండగానే, ఆవిడ వీధిగేటు అవతల నిలబడి, "ఇక్కడ మా గేదెల్ని కట్టేవాళ్ళం. ఇప్పుడు వీళ్ళు మేడ కట్టేరు," అంది. నాతో అనలేదు. గాలితో అన్నట్టు అంది. మా ఆయన ఎదురెళ్ళి, "రండి మామ్మగారూ, లోపలికి రండి," అని పిలిస్తే కాళ్ళు నొప్పులంది. ప్లేట్లో పెట్టి పంపిన మిఠాయి పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది.

మా అమ్మ ఆ పక్కింటివాళ్ళ చేలోనే ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్ళిన మనిషి. నేను ఈ ఊరి హైస్కూల్లోనే సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆవిడ మాటలో గేదెలకంటే ఎక్కువే ఉందని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. పాస్టరుగారు కాసేపు బైబిల్లోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత అందరూ, "పెద్దావిడ కదా, వదిలెయ్యండి," అన్నారు. నేను వదల్లేదు. గేదెలు కట్టిన ఆ జాగాలోనే లాన్ వెయ్యాలని ఆ పూటే అనుకున్నాను. కడియం నర్సరీల నుంచి గడ్డి పలకలు తెప్పించాను. కూరగాయలు వేసుకోకుండా గడ్డి పెంచడమేమిటని చుట్టాలు నవ్వారు. నవ్విన వాళ్ళెవరో కూడా నాకు గుర్తుంది.

రెండు వర్షాకాలాలు గడిచేసరికి అది పచ్చటి తివాచీలా పరుచుకుంది. సాయంత్రం కుర్చీ వేసుకుని దాని మధ్యలో కూర్చునేదాన్ని, గోడ అవతలికి కనపడేట్టుగా. ఆ తర్వాత పందికొక్కులు వచ్చాయి.

పక్కింటివాళ్ళది కొబ్బరి వ్యాపారం. మామ్మగారి కొడుకు చుట్టుపక్కల తోటల్లో కాయ కొని, పెరట్లో కొట్టించి, చిప్పలు బరకం పట్టాల మీద ఎండబెట్టి అంబాజీపేట మార్కెట్టుకి తోలతాడు. ఒలిచిన పీచు డొక్కలు మా గోడకి ఆనించి గుట్టగా పోస్తారు. పందికొక్కులు పుట్టింది ఆ గుట్టలోనే. అక్కణ్ణించి గోడ కిందగా దారి తవ్వుకుని నా లాన్‌లో తేలాయి. పొద్దున్నే లేచి చూస్తే గడ్డి మధ్యలో ఎర్రమట్టి కుప్ప. దాన్ని చదును చేస్తే మర్నాడు ఇంకో చోట. కొన్నాళ్ళకి కుప్పలు లేని చోటికి కూడా వెళ్ళలేకపోయాను, ఎందుకంటే పైన పచ్చగా ఉంటుంది, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. కింద అంతా డొల్ల. ఒకసారి అలా దిగిన నా కాలికి వెచ్చగా ఏదో తగిలి కదిలింది. ఆ తర్వాత చెప్పుల్లేకుండా ఆ గడ్డి మీద ఎప్పుడూ నడవలేదు.

అర్జీలు పెట్టాను. పంచాయితీలో డొక్కల గుట్ట తీయించమని పెట్టాను. గ్రామ సచివాలయంలో పెట్టాను. సోమవారం అమలాపురం వెళ్ళి కలెక్టరాఫీసులో వరసలో నిలబడి కూడా పెట్టాను. అక్కడ టేబుల్ దగ్గరున్నాయన నా కాగితం రెండుసార్లు చదివి, "పందికొక్కులంటే ఏ శాఖకి రాయాలో తెలీటం లేదండి మేడం. వ్యవసాయానికి పంపించమంటారా, పశువైద్యానికి పంపించమంటారా?" అన్నాడు. వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు.

అర్జీలకి పక్కింటి జవాబు గోడ మీంచి వచ్చేది. మామ్మగారి కోడలు బట్టలారేస్తూ, "ఆయ్, పందికొక్కులు మావేనండి. మేమే పెంచుతున్నామండి. ఆధార్ కార్డులు కూడా చేయించేం," అనేది. లోపల మామ్మగారి నవ్వు వినపడేది. ఎనభై దాటిన ఆవిడకి పళ్ళు ఒక్కటీ ఊడలేదు. రోజంతా పెరట్లో స్టూలు మీద కూర్చుని, ఎండుతున్న కొబ్బరి దగ్గర కాకుల్ని అదిలిస్తూ, బరకం మీంచి ముక్క తీసుకుని కొరుక్కుంటూ ఉండేది. ఆ పళ్ళ సంగతి ఊరంతా చెప్పుకునేది.

మా ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయనకి ఎవరి మీదా కోపం ఉండదు, అదొక జబ్బు. బోను తెచ్చి పెట్టారు. అందులో పడ్డది పక్కింటి పిల్లి. దాని గురించి కోడలు వారం రోజులు గోడ మీంచి మాట్లాడింది. కన్నాల్లో గొట్టం పెట్టి నీళ్ళు వదిలాం. నీళ్ళన్నీ గోడ అవతల డొక్కల గుట్టలో తేలాయి. మిరపకాయల పొగ పెట్టాం. ఆ పొగ మా పడగ్గదిలోకి వచ్చింది. చప్పుడుతో తరుముతుందని ఒక మిషను ఆన్‌లైన్లో తెప్పించాను. దాని పక్కనే కొత్త కుప్ప లేచింది.

ఇదంతా చిరాకే తప్ప భయం కాదు. భయం మొదలైంది కుబుసం కనపడ్డ రోజున. గడ్డి అంచున, పెద్ద కన్నం పక్కన, సన్నటి పొర గాలికి ఊగుతోంది. ప్లాస్టిక్ కవరనుకుని చేత్తో తీశాను. తీశాక చూస్తే తల భాగం దగ్గర వెడల్పుగా పొలుసుల గుర్తులున్నాయి. పందికొక్కుల కన్నాల్లో తాచు కాపరం పెట్టింది. ఆ సాయంత్రం కిటికీలన్నీ మూసేశాను. బాత్రూం తూము మీద ఇటిక పెట్టాను. మంచం మీంచి కాలు దించేముందు కిందకి చూసుకోవడం అప్పుడే అలవాటైంది.

"పాముల్ని పట్టేవాణ్ణి పిలుద్దాం," అన్నారు మా ఆయన.

"పాము పోతే ఇంకో పాము వస్తుంది. పందికొక్కులు పోతేనే కన్నాలు పోతాయి," అన్నాను. మందు పెట్టాలనుకున్నది నేనే.

ఎరువుల కొట్టులో పొట్లం ఇస్తూ కొట్టతను, నూకల్లో కలిపి పెట్టమన్నాడు. నూకలు పెడితే ముట్టలేదు. ఎండు రొయ్యలతో పెడితే ముట్టలేదు. కానీ చెట్టు మీంచి మా వైపు రాలిన పచ్చి కొబ్బరికాయని మాత్రం పీచు చీల్చి, గుల్ల తొలిచి, లోపలంతా శుభ్రంగా తినేసేవి. అది చూసి నాకు ఆలోచన వచ్చింది. కొబ్బరి ముక్కలు వేలెడంతలేసి కోశాను. ఒక్కోదానికి గాటు పెట్టి, మందు లోపలికి కూరి, గాటు మూసుకునేలా నొక్కాను. పైకి చూస్తే తెల్లగా, మామూలు ముక్కలాగే ఉంది. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

మా వైపు ఎవరైనా కొబ్బరిని వస్తువుగా చూడరు. అది కాళ్ళ కింద ఉంటుంది, నెత్తి మీద ఉంటుంది, పొయ్యిలో ఉంటుంది. ఒక తెల్లటి ముక్క నేల మీద పడి ఉంటే అదెక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగరు. ఈ సంగతి నాకు ఆ సాయంత్రం తట్టలేదు. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టే తట్టలేదు.

చీకటి పడేముందు ముక్కల్ని కన్నాల మూతుల దగ్గర పెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అయినా వెల్లుల్లిలాంటి ఆ వాసన వేళ్ళని పట్టుకునే ఉంది.

పొద్దున్న మా ఆయన కాఫీ పెడుతుంటే నేను మేడ మీదికెళ్ళి చూశాను. కన్నాల దగ్గర ముక్కలు చాలా మటుకు లేవు. ఒక్క పందికొక్కు కూడా చచ్చి పడి లేదు. గడ్డి మధ్యలో మిగిలిన ముక్క దగ్గర ఒక కాకి వాలి ఉంది. నేను "హుష్" అనేలోగా అది ముక్కని ముక్కున పట్టుకుని ఎగిరింది. గోడ దాటింది. పక్కింటి పెంకుల మీద వాలి, రెండుసార్లు ముక్కని పెంకుకేసి కొట్టింది. ముక్క జారిపోయింది. పెంకుల మీంచి దొర్లి కింద పడింది.

కింద బరకాలున్నాయి. బరకాల నిండా తెల్లటి కొబ్బరి. దాని పక్కన స్టూలు.

చూస్తూ ఉండిపోయాను. కాకి ఒకటేనా? నేను లేవకముందు ఎన్ని వచ్చాయి? పందికొక్కులు ముక్కల్ని అక్కడికక్కడ తిన్నాయా, మోసుకుపోయాయా? మోసుకుపోతే వాటి దారి గోడ అవతలికే. గోడ అవతల, డొక్కల గుట్ట పక్కనే, ఆ బరకాల అంచు. తెల్లటి ముక్కల్లో తెల్లటి ముక్క.

కిందకి దిగాను. మా ఆయనకి చెప్తే ఆయన గిన్నె పొయ్యి మీదే వదిలేసి, "వెళ్ళి చెప్పు," అన్నారు.

"నేనా?"

"నేను చెప్తే సరదాకి అన్నాననుకుంటారు. నువ్వు వెళ్ళు."

దాచుకోకుండా రాస్తాను. ఆ గేటు వరకు వెళ్ళే దారిలో నాకు ఒక్క భయం కాదు, రెండు. ఒకటి, ఆవిడ ఏమైపోతుందోనని. రెండోది, ఆవిడ ఏమైనా అయితే నన్నేమంటారోనని. ఈ ఊళ్ళో ఆ ఇంటి మీద అర్జీలు పెట్టింది నేను. ఆవిడన్న మాట పాతికమంది ముందు తిరిగి తిరిగి చెప్పింది నేను. మందు కొన్నది నేను. కొబ్బరిలో దాచి పెట్టింది నేను. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే పందికొక్కులు ఎవరికి కనపడతాయి? మా వీధిలో వాళ్ళ ఇల్లు ఏదో, మా ఇల్లు ఏదో అందరికీ తెలుసు. గొడవ రెండిళ్ళ మధ్యే ఆగుతుందా? ఇంటికి తిరిగెళ్ళిపోయి, మిగతా ముక్కలు ఏరేసి, నోరు మూసుకుని ఉంటే? కాకి పడేసిన ముక్క నాదని ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన కూడా వచ్చింది. గేటు గడియ మీద చెయ్యి వేశాక వచ్చింది.

గడియ తీశాను.

కోడలు వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపింది.

"అబ్బో! టీచరు గారు మా గుమ్మం తొక్కేరు! ఏవండోయ్, ఇటు రండి! ఈసారి అర్జీ చేత్తోనే తెచ్చేరు!"

"మామ్మగారెక్కడండీ?"

"ఎక్కడుంటారండి? పెరట్లో. ఏం, కాకుల్ని అదిలిస్తున్నారని కూడా కంప్లయింటా?"

నేను ఆవిణ్ణి దాటుకుని ఇంటి పక్కనుంచి పెరట్లోకి పరుగెత్తాను. అరవై దాటాక నేను పరుగెత్తడం అదే మొదలు. మామ్మగారు స్టూలు మీదే ఉంది. కొంగులో కొబ్బరి పోసుకుని ఉంది. దవడ కదులుతోంది.

"ఉమ్మెయ్యండి!" అని అరిచాను.

ఆవిడ నావైపు చూసి, ఇంకో రెండుసార్లు నమిలింది.

"మామ్మగారూ, మీకు దండం పెడతాను, ఉమ్మెయ్యండి! మందండి! పందికొక్కుల మందు!"

"మందేవిటి? నా కొబ్బరి నేను తింటుంటే నీకేవిటి?"

వెనకాల వచ్చిన కోడలికి ముందర అర్థమైంది. అత్తగారి గెడ్డం పట్టుకుని నోట్లో వేలు పెట్టి తీసేసింది. నేను కొంగులోవి కింద పోశాను. ఆరేడు ముక్కలు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. బరకం మీది ముక్కలు ఎండకి పసుపు తిరిగి ఉన్నాయి. ఒకటి మాత్రం పచ్చిగా, తడిగా, తెల్లగా ఉంది. దానికి నా గాటు ఉంది. ఒక చివర పళ్ళ గుర్తులున్నాయి.

కోడలు నా మొహం చూసి అడిగింది, "అదేనా?"

తల ఊపాను.

ఆవిడ కేక పెట్టింది. లోపల్నుంచి మామ్మగారి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. కాయలు కొట్టే మనుషులు కత్తులు వదిలేసి చుట్టూ చేరారు. "ఏవైందండి?" "మందు తినేసేరంట." "ఎవరు పెట్టేరు?" "టీచరమ్మ." "పెట్టి, మళ్ళీ ఈవిడే చెప్పటానికొచ్చేరా?" అని ఎవరో అన్నారు. ఆ గొంతెవరిదో ఇప్పటికీ తెలీదు. తెలిస్తే మర్చిపోను.

కొడుకు నా దగ్గరికొచ్చాడు. నా శిష్యుడు కాదు, నా కంటే కాస్త చిన్న. ఎప్పుడూ గారు లేకుండా మాట్లాడనివాడు. "మా అమ్మకేమైనా అయితే," అని ఆగిపోయాడు. ఆ ఆగడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"పొట్లం తెస్తాను. డాక్టరుకి చూపించాలి," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో. ఇంటికి పరుగెత్తి పొట్లం తీసుకునేసరికి వీధిలో ఆటో వచ్చి ఉంది. మామ్మగారు ఎక్కనంటోంది. "నాకేం కాలేదు. ఆవిడ కొబ్బరిలో మందు పెడితే నేనెందుకు ఆసుపత్రికెళ్ళాలి? ఆవిణ్ణి పంపించండి," అంటోంది. కొడుకు ఆవిణ్ణి ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టి, వెనకాల రావడానికి తన బండి తీశాడు. కోడలు ఒక పక్క ఎక్కింది. రెండో పక్క ఎవరూ లేరు. నేనెక్కాను. దిగమని ఎవరూ అనలేదు, ఎక్కమనీ అనలేదు.

కాలవ గట్టు రోడ్డు మీద అమలాపురం వైపు వెళ్తున్నాం. మామ్మగారి చెయ్యి నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు. నాడి చూస్తున్నట్టు పట్టుకున్నాను. నాడి నాది కొట్టుకుంటోందో ఆవిడది కొట్టుకుంటోందో తెలీటం లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పాను. ఆ మందు కడుపులో తడి తగిలితే విషవాయువు అవుతుందని నాకు తెలుసు. పొట్లం మీద చదివాను కూడా. ప్రతి గతుకుకీ ఆవిడ మూలిగితే, వాంతి వస్తోందేమోనని మొహంలోకి చూస్తున్నాను.

"కడుపులో ఎలా ఉందండీ?"

"ఆకలేస్తోంది. కొబ్బరి లాగేసేరు కదా."

"మంట ఉందా?"

"నిన్ను చూస్తే ఉంది."

కోడలు ఏడుస్తూనే, "అత్తయ్యా, ఇప్పుడు కూడానా," అంది. ఆటోవాడు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. మా ఊరి వాడే. "అదేంటండి, మీరూ వీళ్ళూ మాట్లాడుకోరు కదండీ?" అన్నాడు. రోడ్డు మీద జనం మామూలుగా తిరుగుతున్నారు. కాలేజీ పిల్లలు బస్సు కోసం నిలబడ్డారు. నాకు మాత్రం ఆ దారి ఎప్పటికీ అయ్యేట్టు లేదు. మనసులో ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. వచ్చిందల్లా ఒకటే. ఈవిడ నన్నన్న మాటకి క్షమాపణ చెప్పకుండా పోకూడదు. ఇంత భయంలోనూ నాకు అదే వచ్చింది, ఏం చేసుకోను.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు. పొట్లం చూసి, నేను కొంగున ముడేసి తెచ్చిన పళ్ళ గుర్తుల ముక్క చూసి, అడిగాడు. ఎంత మింగారు? ఎప్పుడు మింగారు? నీళ్ళు తాగారా? కోడలు తెలీదంది. నేను తెలీదన్నాను. మామ్మగారు, "చప్పగా ఉంటే ఊరుకుంటానా? కాస్త కొరికేను. బాగోలేదు. ఇంకోటి తీసుకున్నాను," అంది. అప్పటిదాకా ఎవరం ఆవిణ్ణి అడగలేదు.

డాక్టరు బయటికి పిలిచి కొడుకుతో అన్నాడు, "దీనికి విరుగుడంటూ ప్రత్యేకంగా లేదండి. కడుపు కడుగుతాం. బీపీ చూస్తూ ఉండాలి. రేపటిదాకా నేనేమీ చెప్పలేను. ఇంకోటి, ఇది పోలీసులకి తెలియజెయ్యాలండి. రూలు." కొడుకు నావైపు చూడకుండా తల ఊపాడు.

బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మా ఆయన సైకిలు మీద రాజోలు రోడ్డెక్కి, అక్కడ బస్సు పట్టుకుని వచ్చారు. ఆయన వచ్చేసరికి గది లోపల గొట్టం వేస్తున్న చప్పుడూ, మామ్మగారి ఓకరింతలూ వినపడుతున్నాయి. ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. చెట్టు ఎక్కేవాళ్ళని కూడా దబాయించే గొంతు అది. పిల్లలా ఏడుస్తోంది.

"ఏం కాదు," అన్నారు మా ఆయన.

"ఒకవేళ అయితే?"

ఆయన వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆయన కూడా అదే ఆలోచించి ఉంటారు.

మధ్యాహ్నం దాటాక కానిస్టేబులు వచ్చాడు. ముందు కొడుకుని అడిగాడు, తర్వాత కోడల్ని. వాళ్ళేం చెప్పారో నాకు వినపడలేదు. ఇద్దరూ గోడ గురించీ, డొక్కల గురించీ, కలెక్టరాఫీసు గురించీ చెప్తున్నారని మాత్రం చేతులు ఊపడం చూస్తే తెలిసింది. తర్వాత నన్ను అడిగాడు. మొదట్నుంచీ చెప్పాను. పందికొక్కులు, కుబుసం, నూకలు, రొయ్యలు, కొబ్బరి. అతను వింటూ ఒక్కసారి ఆపాడు.

"కొబ్బరే ఎందుకండి, మేడం? పక్కన కొబ్బరి ఎండబెడతారని తెలుసు కదా?"

"తెలుసు."

"పెద్దావిడ అక్కడ కూర్చుని తింటారని కూడా తెలుసు."

"తెలుసండి."

అతను తిడితే బావుండేది. ఊరికే తల ఊపి, "పెద్దావిణ్ణి అడుగుతాను. మీరు కూడా రండి," అన్నాడు. మామ్మగారు ఏం చెప్తే అది రాస్తాడు. ఆవిడ చెయ్యి ఇటు ఊపినా అటు ఊపినా నా బతుకు అటే. ఇన్నేళ్ళలో ఆవిడ గురించి నేను ఏమేం అన్నానో, ఎవరెవరితో అన్నానో, ఆ తలుపు దాటేలోగా అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాకు ఏదీ మర్చిపోయే అలవాటు లేదు.

ఆవిడ దిండుకి ఆనుకుని ఉంది. పెదాలు ఎండిపోయి, చేతికి సూది గుచ్చి, చిన్నగా అయిపోయింది. కానిస్టేబులు వంగి, "అమ్మా, ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అన్నాడు.

"అనుమానమేవిటి?"

"ఈ టీచరు గారికీ మీకూ గొడవలున్నాయంట కదమ్మా."

"ఉన్నాయి. గోడ కట్టిన కాణ్ణించీ ఉన్నాయి."

"అయితే మరి, కావాలనే ఏమైనా..."

ఆవిడ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నాకు కళ్ళు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు.

"ఇదా?" అంది. "బాబూ, ఇది నా మీద పెట్టని అర్జీ లేదు. పంచాయితీలో పెట్టింది. సచివాలయంలో పెట్టింది. అమలాపురమొచ్చి కలెక్టరాఫీసులో పెట్టింది. అన్నిటి కిందా పేరు రాసి సంతకం పెట్టింది. సంతకం లేకుండా ఏ పనీ చెయ్యదు ఇది. చాటుగా మందు పెట్టే రకం కాదు. రాసుకో."

కానిస్టేబులు నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. నేను బయటికొచ్చి, బెంచీ దాకా వెళ్ళలేక, అక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను.

కాసేపయ్యాక ఇంకోటి తట్టింది. పోలీసు ముందు, నర్సు ముందు, నా మొహం మీదే, ఆవిడ నన్ను "ఇది" అంది. హైస్కూల్లో అంత సర్వీసు చేసిన దాన్ని. మా ఆయనతో అన్నాను. ఆయన నావైపు చూసి, "దేవుడి దయ. నువ్వు బాగానే ఉన్నావు," అన్నారు.

మర్నాడు సాయంత్రానికి డాక్టరు గండం గడిచిందన్నాడు. చివర కొరికి వదిలేసింది కాబట్టి, గాటు దాకా పన్ను వెళ్ళలేదు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత రోజు ఇంటికి తెచ్చారు. ఆలోగా పెరట్లో ఉన్న కొబ్బరంతా గోతిలో పోసి పూడ్చేశారు. ఏది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? ఆ నష్టం నేనిస్తానంటే కొడుకు, "మీరు ముందు మీ ముక్కలన్నీ లెక్క తేల్చండి, చాలు," అన్నాడు.

అదే తేలలేదు.

కన్నాలు తవ్వితే తప్ప తెలీదని లాన్ నేనే తవ్వించాను. గడ్డి పలకలు చుట్టగా చుట్టి పక్కన పడేశారు. కింద దారులు ఒకదాంట్లోకి ఒకటి, ఇంటి పునాది దాకా వెళ్ళాయి. ఒక చోట పెద్ద గది లాంటిది బయటపడింది. అందులో వడ్లు, మామిడి టెంకలు, పక్కింటి ఎండు కొబ్బరి. పక్కనే నా ముక్కలు. ఒక్కటీ కొరికి లేదు. ఎవరో తర్వాత తిందామని సర్దుకున్నట్టు ఉన్నాయి. పార పట్టుకున్న మనిషి, "బలే తెలివైనవండి," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాటిని కవర్లో వేసి చూస్తే నేను పెట్టినన్ని లేవు. ఇంకో దారి గోడ కిందగా అటు పోయింది. అది వాళ్ళ వంటింటి అరుగు కిందకి వెళ్తుంది. కొడుకు అటు కూడా కొంత తవ్వించి, అరుగు కూలిపోతుందని ఆపేశాడు. అక్కడ గడ్డపార మోగినప్పుడల్లా నేను గోడకి ఇటువైపు నిలబడి ఉన్నాను.

కుబుసం వదిలిన పాము ఎక్కడా కనపడలేదు. అది ఎటు పోయిందో కూడా తెలీదు.

ఇప్పుడు మామ్మగారిని కొబ్బరి ముట్టనివ్వడం లేదు. "నీ వల్ల నా నోరు కట్టేసేరు," అని గోడ మీంచి వినపడేలా రోజూ అంటుంది. గేదెల మాట గురించి ఇంతవరకూ ఏమీ అనలేదు. నేను కూడా అడగలేదు, కానీ అడుగుతాను. డొక్కల గుట్ట కూడా అక్కడే ఉంది. దాని మీద మళ్ళీ రాశాను.

కానీ అటునుంచి కాసేపు మాట వినపడకపోతే ఇప్పుడు నాకు చేతిలో పని సాగదు. పొయ్యి తగ్గించి, పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. కాకి ఏదైనా గోడ మీద వాలితే దాని ముక్కున ఏముందో చూస్తాను. ఆవిడ ఎవరినో తిట్టడం వినపడేదాకా ఉంటాను. తిట్టేది నన్నే అయినా సరే, వినపడేదాకా ఉంటాను.